ఒక్క కుట్టు

పోయినసారి నాలుగు సెకన్లు ఎక్కువైనయి.
ఎనిమిది వందల మీటర్లు, ఐదు నిమిషాల ఇరవై.
నాది ఐదు నిమిషాల ఇరవై నాలుగు.
కాయితం మీద ఎర్ర సిరాతోటి ఒక గీత,
గేటు దిక్కు చూపెట్టిన ఒక చెయ్యి.

ఏడ్వలే. హన్మకొండ చౌరస్తా దాకా నడుసుకుంటొచ్చి
చెరుకురసం తాగిన, పదిహేను రూపాయలు.
మిషను చక్రం తిరుగుతుంటే గజ్జెలు మోగుతున్నయి,
నిలబడి లెక్కవెట్టిన
నాలుగు సెకన్లల్ల ఎన్నిసార్లని.
ఏడు.

మళ్ల నోటిఫికేషన్ పడ్డది.
సుబేదారి, ఆర్ట్స్ కాలేజి గ్రౌండు, తెల్లారగట్ల నాలుగున్నర.
చీకట్ల మొఖాలుండయి, బూట్ల చప్పుడే మనుషులు.
కొంరెల్లి సార్ మెడల విజిల్, చేతుల చాయ్ గ్లాసు:
"అద్దం ముంగట నిలబడి రోజు పదిసార్లు అనుండ్రి.
నేను గెలుస్త, నేను గెలుస్త."

అన్న.
మా బీరువా అద్దం నడుమ పలిగింది.
ఒక సగం గెలుస్తనన్నది,
ఇంకో సగం దవడ మీది మొటిమను చూసుకున్నది.
మూడొద్దులు అన్న. నాలుగో దినానికి
ఉప్పు లేని నూకలన్నం లెక్క
చప్పగైంది ఆ మాట నోట్లె.

అబద్ధమని కాదు. ఇంకా నిజం కాలే, గంతే.
పచ్చి ఇటుకల మీద గోడ లేస్తదా?

అందుకే నిజమైనయే ఏరుకున్న.
ఎనుమాముల మార్కెట్ల కాంటాలు అయిపోయినంక
అమ్మ రాలిన మిరపకాయలు ఏరుకున్నట్టు,
తొడిమెలూడినయి, కాళ్ల కింద నలిగినయి,
ఐనా ఎర్రటియే.

మొన్న సోమవారం వాన పడ్డది, నేను పోయిన.
పిక్క పట్టేసింది, మూడో రౌండు ఆపలే.
వడ్డెపల్లి కట్ట మీద ఒక ముసలాయన నన్ను దాటిపోయిండు,
మలుపు కాడ నేను ఆయన్ని దాటిన
(అది పోటీ అని ఆయనకు తెల్వది).
చిన్నప్పటి సంది మిర్చి ఘాటునే పీల్చిన;
యార్డు యార్డంత తుమ్ముతుంటే
బస్తాల మీద బోర్ల పండుకొని ఎక్కాలు రాసిన.
ఈ ఛాతికి పొద్దటి గాలి ఒక లెక్కనా?

ఒక్కొక్కటే సంచిల ఏసుకుంట పోతే
వట్టి సంచి,
ఎవ్వలు పట్టుకోకుంటనే నిలబడ్డది.

భయం పోయిందని చెప్పను.
రాత్రి కాజీపేట దిక్కు రైలు కూతేస్తే
అది నా పక్కకే పండుకోని దుప్పటి గుంజుతది.
సరే, నువ్వు గూడ రా, అన్న దానితోటి.
కాని నా ఎనుక ఉరుకాలె. లైను దాటొద్దు.

నిన్న అమ్మ బస్తా మూతి కుడుతుంటే పక్కన కూసున్న.
దబ్బనం లోపటికి,
సుతిలి దాని ఎంబడి,
ఒక్క గుంజుడు.
ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టి చూసిన.
కుట్టుకు నాలుగు సెకన్లు.

"ఏం జూస్తున్నవే?"
"ఏం లేదు. ఇంకొకటి కుట్టు."

ఇంకొకటి కుట్టింది. మళ్ల నాలుగే.

ఏడాది సంది కొండంత అనుకున్నది
అమ్మ రెండు వేళ్ల నడుమ ఇమిడిపోయింది.
నాకు తక్కువైంది ఒక్క కుట్టు.

రేపు స్టేడియంల కాలుకు చిప్పు కడుతరు.
ఆఖరి మలుపుల, గాలి అందని కాడ,
గెలుస్త అని అనుకోను.
లోపటికి, ఎంబడి, గుంజు.
అంతవరకే అనుకుంట.

లేసులు రెండుసార్లు కట్టి ఇప్పి చూసుకున్న.
ప్యాంటు జేబుల చెరుకురసం పైసలు పెట్టుకున్న,
పాసైనా కాకున్నా తాగాలె.
ఇప్పుడు ఇరవై అయిందట.